జారుడు ఫోనూ – పది పద్యాలూ

మల్కాపురం వాళ్లం మేం గట్టిగా మాట్లాడతాం. కొత్తగా మా ఇళ్లకి వచ్చిన చుట్టాలు లోపల ఏదో దెబ్బలాట జరుగుతోందనుకుని వీధి గుమ్మం దగ్గిరే ఆగిపోతూంటారు. తీరా లోపల జరిగేదల్లా “చారులోకి అప్పడం వెయ్యనా?” అన్న సంభాషణ. ఏం చేస్తాం? ఒక పక్క రిఫైనరీ, ఇంకో పక్క ఓడల కర్మాగారం, ఆ పైన నేవీ వారి డాకుయార్డు, తలెత్తితే విమానం, తల దించితే ట్యాంకరు లారీ. ఇన్నింటి మధ్య నించి ఒక మాట వంటింట్లో బయల్దేరి వరండాలోకి చేరాలంటే దానికి కొంచెం దమ్ముండాలి. 1941లో సింధియా కంపెనీ వారు ఓడల కర్మాగారానికి పునాదిరాయి వేయించారు. 1948లో నెహ్రూగారు వచ్చి ‘జల ఉష’ అనే ఓడని నీళ్లలోకి దింపారు. 1957లో కాల్టెక్సు వారి రిఫైనరీ వచ్చింది. అంచేత మా వాళ్లు మూడు తరాలుగా మోతలోనే పుట్టి, మోతలోనే పెళ్లిళ్లు చేసుకుని, బాజాలు సరిగ్గా వినపడలేదని బాజావాళ్లతో పేచీ పెట్టుకుంటూ వస్తున్నారు.

అలాంటి ఊళ్లో ఉంటూ నేను 2007లో సంగీతం కోసమని ఒక ఫోను కొన్నాను.

ఆ రోజుల్లో ఫోన్లు రకరకాలుగా తెరుచుకునేవి. ఇప్పట్లా అన్నీ ఒకే అచ్చులో పోసిన పలకలు కావు. కొన్ని పొట్టి కడ్డీల్లా ఉండేవి, కొన్ని పంచాంగంలా మడతపడేవి, కొన్ని జారేవి. ఈ జారే రకాన్ని చూస్తే నాకు పలకల రోజుల్లో మా పిల్లకాయలందరి దగ్గిరా ఉండే చెక్క పెన్సిలు పెట్టె గుర్తొచ్చేది. పై మూత బొటనవేలితో తోస్తే సర్రున జరిగి లోపలున్న సంపద బయటపడేది. ఫోనూ అంతే. పై సగం తెర, కింది సగం అంకెలు. తోస్తే ‘చటుక్’, మూస్తే ‘చటక్’. ఈ రెండు చప్పుళ్లకీ మధ్యనున్న తేడా కోసం దాన్ని కొన్నామన్నవాళ్లు కూడా నాకు తెలుసు.

అందులోనూ పాటల కోసమే పుట్టామని చెప్పుకునే జాతి ఒకటి ఉండేది. 2005లో సోనీ ఎరిక్సన్ వాళ్లు వాక్‌మన్ పేరుని ఫోనుకి పెట్టేసరికి, నోకియా వాళ్లు ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ అనే పేరుతో ఎదురు దిగారు. దాన్లో 5300 అనే జారుడు ఫోను 2006లో వచ్చింది. తెల్లటి ఒళ్లు, పక్కలకి రంగు అంచు, తెర పక్కనే పాటల కోసం విడిగా మీటలు: ముందుకి, వెనక్కి, ఆపు. నేను కొన్నది అదే. నా జీతంలో మూడొంతులు దానికే పోయింది. 1.3 మెగాపిక్సెళ్ల కెమెరా ఉందని కొట్టువాడు అదేదో కట్నంలా చెప్పాడు గాని, ఆ కెమెరాతో తీస్తే మా ఆవిడా, వెనకాల గోడకి వేలాడే క్యాలెండరూ ఒక్కలాగే వచ్చారు. ఇది నేనన్న మాట కాదు, ఆవిడే అంది.

మా ఆవిడ ఇంకో మాట కూడా అంది. “పాటలు వినడానికి రేడియో ఉంది. మాట్లాడ్డానికి ఆ టార్చిలైటు ఫోనుంది. రెండూ ఒకదాన్లో ఉండాలని మీకెవరు చెప్పారండీ? అట్లకాడతో తల దువ్వుకుంటామా?”

ఇప్పటి వాళ్లకి చెబితే నవ్వుతారు గాని, ఆ ఫోన్లో వేసే గోరంత మెమరీ కార్డు 2 జీబీ దాటకూడదు. అయినా అది చిన్న సంగతి కాదు. మామూలు ఎంపీ3 లెక్కలో నిమిషం పాటకి ఒక మెగాబైటు పడుతుంది. అంటే నాలుగు నిమిషాల పాటలు దగ్గిర దగ్గిర అయిదువందలు. అంతకు ముందు అయిదువందల పాటలు ఇంట్లో ఉండాలంటే క్యాసెట్ల బీరువా ఉండాలి. ఈ మాయ ఎలా కుదిరిందయ్యా అంటే, జర్మనీలో బ్రాండెన్‌బర్గ్ అనే ఆయనా, ఆయన తోటి వాళ్లూ కూచుని మనిషి చెవి దేన్ని పట్టించుకుంటుందో, దేన్ని పట్టించుకోదో ఏళ్ల తరబడి లెక్క కట్టారు. పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడుంటే చెవి చిన్నదాన్ని వదిలేస్తుంది. ఎలాగూ వినపడని ఆ సరుకంతా ఏరి పారేస్తే పాట పదోవంతుకి చిక్కిపోతుంది. విన్నవాడికి తేడా తెలీదు. పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడు వినపడదని తెలుసుకోడానికి వాళ్లు అంత శ్రమ పడ్డం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక్క వారం మల్కాపురంలో కాపురం ఉంటే సరిపోయేది.

సరే, కార్డు నిండా ఇళయరాజా పాటలు నింపించుకున్నాను. మా సందు చివర కొట్లో కుర్రాడు కంప్యూటరు ముందు కూచుని పాటలు ఎక్కించేవాడు, కార్డుకి ముప్పై రూపాయలు. ఆ పాటలు నేను సరిగ్గా పదకొండు రోజులు విన్నాను. పన్నెండో రోజున మా నాన్న ఆ ఫోను అందుకున్నాడు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ల పైచిలుకు ఒక కాంట్రాక్టరు దగ్గిర చిప్పింగు పని చేశాడు. కాంట్రాక్టరు పేరు మనకి అనవసరం. చిప్పింగంటే ఇనప రేకుల మీద పట్టిన తుప్పునీ, పాత రంగునీ, పెంకునీ గాలి సుత్తితో కొట్టి ఊడగొట్టడం. కొట్టేది ఇనుముని, ఇనుముతోటి, అదీ ట్యాంకులాంటి మూసిన గదిలో కూచుని. చప్పుడు నూరు డెసిబెళ్లు దాటుతుంది. చెవుల్లో పెట్టుకోడానికి దూది కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇస్తే పెట్టుకునేవాడా అంటే అదీ అనుమానమే. ఆయన పని మానేసి వచ్చేనాటికి ఇంట్లో మా మాటలు ఆయనకి గాలిలో దీపంలా ఉండేవి.

ఇది కొత్త జబ్బు కాదు. ఇంగ్లీషు వాళ్లు దీన్ని పూర్వం బాయిలర్లు చేసేవాళ్ల చెవుడు అనే పిలిచేవారు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే డాక్టరు నూరుమంది బాయిలరు పనివాళ్ల చెవులు పరీక్షించి చూస్తే, సవ్యంగా వినపడేవాడు అందులో ఒక్కడు కూడా దొరకలేదట.

మా నాన్నకి రెండే వ్యసనాలు: చుట్టా, పద్యమూ. చుట్ట మా అమ్మ మానిపించింది. పద్యం చెవుడు మానిపించింది. ఆయన వయసులో ఉండగా కృష్ణ రాయబారం ఎక్కడ ఆడుతున్నారంటే అక్కడికి, సైకిలు మీదో లారీ మీదో, వెళ్లి తెల్లవార్లూ కూచుని, తిన్నగా డ్యూటీకి పోయేవాడు. ఈలపాట రఘురామయ్యగారు, షణ్ముఖి ఆంజనేయరాజుగారు, మా ఉత్తరాంధ్ర మనిషే అయిన పీసపాటి నరసింహమూర్తిగారు – ఈ ముగ్గురు కృష్ణుల్లో ఎవరు గొప్ప అన్న విషయం మీద ఆయనా, ఆయన స్నేహితుడొకాయనా రెండేళ్లు మాట్లాడుకోలేదు. మా నాన్న పీసపాటి పక్షం. “ఆయన రాగం తియ్యడు, మాటాడతాడు” అని ఆయన వాదన. ఒకసారి కూలీల నాటకంలో ఈయన కూడా వేషం కట్టాడు. దుర్యోధనుడి సభలో కర్ణుడి పక్క కుర్చీలో కూచునే వేషం. పద్యం లేదు, మాట లేదు. మూడు గంటలు మీసం ఊడకుండా చూసుకోవడమే నటన. ఆ రాత్రి సభలో అందరి పద్యాలూ ఆయనకి కంఠస్థం అయిపోయాయి.

ఆ మనిషికి రేడియో పనికిరాకుండా పోయింది. పెద్దగా పెడితే ఇరుగుపొరుగు వాళ్లు, చిన్నగా పెడితే ఆయనా ఒప్పుకోరు. పన్నెండో రోజున నేను స్నానానికి వెళ్తూ ఫోను బల్ల మీద పెట్టాను. దాని తీగెలు చెవిలో పెట్టుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను పెట్టుకోవడం చూశాడు, తనూ పెట్టుకున్నాడు. తెర పక్కన మీట నొక్కాడు. నేను బయటికొచ్చేసరికి ఆయన గోడకి జేరబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. తీగెల్లోంచి నాకే వినపడేంత మోత.

“ఇనపడతందిరా!” అన్నాడు, నన్ను చూసి కాదు, గోడని చూసి. తర్వాత అడిగాడు, “ఇందల పజ్జాలు లేవా?”

లేవు. సందు చివర కుర్రాడి కంప్యూటర్లో కూడా లేవు. “పద్యాలంటే ఏ సినిమాలో అంకుల్?” అన్నాడు. అంచేత అటక మీదున్న క్యాసెట్లు దింపాం. పదిహేడు క్యాసెట్లు. కొన్నింటికి బూజు, కొన్నింటికి లోపలి పట్టీ మెలిక. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే టేపురికార్డరుకీ కంప్యూటరుకీ తీగె కలిపి, క్యాసెట్టు మొదటినించి చివరిదాకా ఆడించాలి. గంట క్యాసెట్టుకి గంట పడుతుంది, ఎవరెంత తొందరపెట్టినా. ఆ కుర్రాడు రాత్రి కొట్టు కట్టేశాక ఓపిగ్గా చేసిపెట్టాడు. చివరికొచ్చేసరికి వాడికి కూడా రెండు పద్యాలు నోటికొచ్చేశాయి. పాత టేపులు కావడంతో పద్యం వెనకాల సన్నగా ‘స్‌స్‌స్’ అని సొద. దాన్ని తగ్గించడానికి డాల్బీ అనే ఆయన 1965లో లండన్లో ఏకంగా ఒక కంపెనీయే పెట్టాడు. మా నాన్నకి ఆ కంపెనీ అవసరం లేకపోయింది. ఆ సొద పై స్థాయిది. పై స్థాయి ఆయన ఏనాడో గాలి సుత్తికి సమర్పించేశాడు. మాకు నూనెలో పోపు పడ్డట్టు వినపడే పద్యం, ఆయనకి కడిగిన ముత్యంలా వినపడింది.

అక్కణ్ణించి వచ్చిన చిక్కల్లా అది ఫోను కూడా కావడం. కృష్ణుడు సభలో లేచి నిలబడి రాగం ఎత్తుకోగానే మా ఆఫీసు నించి ఫోను వచ్చేది. పద్యం ఆగిపోయి గంట మోగేది. “మద్దిలో ఎవుడో గంట కొడతన్నాడు, తెర దించీమంటున్నాడేటి?” అని ఆయన. దేన్ని నొక్కితే ఆ గోల ఆగుతుందో కనిపెట్టి నొక్కేవాడు. అవతల మా సూపర్నెంటుగారి ఫోను తెగిపోయేది. ఇలా నాలుగైదుసార్లు జరిగాక నేను టార్చిలైటు ఫోనుకి తిరిగి వచ్చాను. ప్రాణం పోయిన పాత సిమ్ కార్డొకటి దాన్లో వేసి, ఆ పాటల ఫోను ఆయనకి ఇచ్చేశాను. “చివరికి మావయ్య ఫోను మావయ్యకి చేరింది” అని మా ఆవిడ తేల్చింది.

ఆ ఆగస్టులోనే బ్యాటరీల గొడవ ఒకటి వచ్చింది. బీఎల్-5సీ అనే రకం బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు ఛార్జి పెట్టినప్పుడు వేడెక్కే అవకాశం ఉందని నోకియా వాళ్లే ప్రకటించారు. మా పేటలో జనం ఫోన్ల వీపులు విప్పి ఒకళ్లవి ఒకళ్లు చూసుకున్నారు, పేలు చూసుకున్నట్టు. మా నాన్న ఫోనుది బీఎల్-5బీ. ఒక్క అక్షరం తేడాలో కృష్ణుడు బయటపడ్డాడు.

అసలు సంగతి ఇప్పుడు. మా నాన్నకి పద్యం వినపడుతుంది గాని మా మాట వినపడదు. “స్నానానికి నీళ్లు తోడాను నాన్నా” అంటే “ఇయ్యాల శనోరం కాదు గదా” అంటాడు. మొదట్లో మాకు కొంచెం కష్టంగానే ఉండేది. కృష్ణుడి మాటలు వినపడి మా మాటలు వినపడకపోవడం ఏమిటి, ఇదేదో మనసు చెవుడు కాబోలు అనుకున్నాం. చెవి డాక్టరుగారి దగ్గిరకి తీసికెళ్తే ఆయన ఒక గదిలో కూచోబెట్టి, సన్నవీ లావువీ చప్పుళ్లు వినిపించి, కాయితం మీద ఒక గీత గీశారు. గీత కొంతదూరం తిన్నగా నడిచి, నాలుగువేల హెర్ట్‌జుల దగ్గిరికొచ్చేసరికి డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి దిగినట్టు దిగిపోయింది.

డాక్టరుగారు చెప్పిందాన్ని నా మాటల్లో చెబుతాను. మోత వల్ల మొదట పోయేది పై స్థాయి. చెవి లోపల వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. మన మాటల్లో అచ్చులు లావుగా, కింది స్థాయిలో ఉంటాయి. స, శ, త, క, ప లాంటి హల్లులు సన్నగా, పైన ఉంటాయి. అంచేత పై స్థాయి పోయినవాడికి మాట వినపడుతుంది గాని ఏ మాటో తెలీదు. హల్లులన్నీ ఊడిపోయి అచ్చులు మిగుల్తాయి. ‘పాలు’, ‘కాలు’, ‘తాలు’ – అన్నీ ‘ఆఉ’లే. మరి పద్యం? పద్యంలో రాగమంతా అచ్చు మీదే కదా నడిచేది. అది ఆయన దాకా వస్తుంది. మిగతాది ఆయన దగ్గిరే ఉంది. ఉత్పలమాలకి పదో అక్షరం దగ్గిర యతి, మత్తేభానికి పద్నాలుగో దాని దగ్గిర, ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే ప్రాస. ఇన్ని మేకులు కొట్టి బిగించిన సరుకులో ఒక హల్లు ఊడినా పక్కవి పట్టుకుని ఉంటాయి. పైగా కంఠస్థం. ఆయన చెవితో సగం వింటున్నాడు, మిగతా సగం లోపల తనే పాడుకుంటున్నాడు. మా మాటలకి ఆ సౌకర్యం లేదు. మేం రోజూ కొత్తగా ఏదో ఒకటి అంటాం, యతి ప్రాసలు లేకుండా.

అప్పుడు డాక్టరుగారు ఫోను తీగెలు చూసి మొహం అదోలా పెట్టారు. 85 డెసిబెళ్ల మోత రోజుకి ఎనిమిది గంటలు భరించవచ్చట. అక్కణ్ణించి ప్రతి మూడు డెసిబెళ్లకీ టైము సగమైపోతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 97కి వచ్చేసరికి అరగంట. ఈయన వాల్యూం చివరిదాకా తిప్పి పూటకి మూడు గంటలు వింటున్నాడు. “మిగిలింది కూడా పోతుంది పెద్దాయనా” అని డాక్టరుగారు కాయితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించారు.

మా నాన్న చదివాడు. “మిగిల్చి ఎవులకియ్యాల?” అన్నాడు.

డాక్టరుగారు నా వంక చూశారు. నేను గీత వంక చూశాను. ఆ రోజు బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు. సింధియా దాకా వచ్చాక ఆయనే అన్నాడు, “అరగంటకి ఎన్ని పజ్జాలొస్తాయి?” పద్యం రాగంతో కలిపి మూడు నిమిషాలనుకుంటే పది.

అలా పది పద్యాల ఒప్పందం కుదిరింది. వాల్యూం కొంచెం దిగింది. చెవిమిషను ఒకటి కొన్నాం. దాన్ని ఆయన మొదట్లో బీరువాలో తాళం వేసి దాచాడు. పెట్టుకుంటే గిన్నెల చప్పుడూ, ఫ్యాను చప్పుడూ, లారీ హారనూ అన్నీ ఒకేసారి మీద పడతాయనీ, మనిషి మాట మట్టుకు వాటి అడుగున ఉంటుందనీ ఆయన ఫిర్యాదు. చివరికి కుడి చెవికి మిషను, ఎడమ చెవికి ఫోను తీగె. కుడివైపు కూచున్నది మేం, ఎడమవైపు కూచున్నది కృష్ణుడు. ఏదైనా ముఖ్యమైన విషయం చెప్పాలంటే కుడివైపుకి వెళ్లేవాళ్లం. ఆయనకి వినాలని లేకపోతే ఎడమకి తిరిగేవాడు.

రోజుకి పదే అనేసరికి ఆయన పద్ధతే మారిపోయింది. ఇంతకు ముందు ఊరికే ఆడిస్తూ ఉండేవాడు. ఇప్పుడు పొద్దున్నే లేచి ఇవాళ ఏ పది అని ఆలోచిస్తాడు. ఒక దాంట్లో రెండోసారి వినాలనిపిస్తే చివర ఒకటి వదులుకోవాలి. నాటకాల్లో జనం ‘వన్స్ మోర్’ అని అరిస్తే నటుడు చచ్చినట్టు మళ్లీ అందుకునేవాడు. ఇక్కడ వెనక్కి మీట నొక్కితే చాలు. ఆ వన్స్ మోర్‌కి తన ఖాతాలోంచే చెల్లించుకోవాల్సి రావడం ఆయన్ని లోభిని చేసింది. మా చిన్నవాడు మట్టుకు ఫోనుని చటుక్ చటక్ అని ఆడించి పారేశాడు. జారుడు ఫోన్లన్నింటిలోనూ పై సగానికీ కింది సగానికీ మధ్య ఒక సన్నటి పట్టీ ఉంటుందనీ, జారినప్పుడల్లా అది మడతపడి లేస్తుందనీ, దాని ఆయుష్షు లెక్కేనని రిపేరు కొట్టువాడు చెప్పాడు. అప్పట్నించి మా ఇంట్లో ఆ ఫోను జారడం మానేసింది. పద్యానికి తెరవక్కర్లేదు. మీటలు బయటే ఉన్నాయి. మల్కాపురం గాలిలో ఉప్పూ, దుమ్మూ రెండూ ఉంటాయి కనక వారానికోసారి ఆయనే పాత పళ్ల బ్రష్షుతో దాని కన్నాలు తోమేవాడు. సొంత పళ్లు లేని మనిషికి ఆ బ్రష్షు ఎక్కడిదని ఎవరూ అడక్కండి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను. ఆ రోజు విశాఖపట్నంలో ఉన్నవాళ్లకి నేను వర్ణించి చెప్పక్కర్లేదు. లేనివాళ్లకి చెప్పినా తెలీదు. గంటకి నూట ఎనభై కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నం అందరం నడవాలో గోడకి ఆనుకుని కూచున్నాం. బయట ఎవరివో రేకులు ఎగిరిపోతున్నాయి. ఆ హోరుకి పిల్లలు చెవులు మూసుకున్నారు. మా నాన్న మిషను తీసి జేబులో పెట్టుకుని, నిటారుగా కూచుని వింటున్నాడు. తుపాను గొంతు మంద్రస్థాయి కదా. “శానాళ్లకి ఇంత బాగా ఇనపడిందిరా” అన్నాడు.

తర్వాత కరెంటు లేదు. స్తంభాలు పడిపోయాయి, ఫోను టవర్లు మూగబోయాయి. నా కొత్త ఫోను ఆ సాయంత్రానికే కళ్లు మూసింది. మా నాన్న ఫోనులో మూడు గళ్ల ఛార్జి ఉంది. ఆయన పదిని రెండుకి దించేశాడు. పొద్దున్నొకటి, దీపాలు పెట్టే వేళకొకటి. విన్న వెంటనే ఫోను కట్టేసేవాడు. రేషను కొట్టు కూడా అంత నిక్కచ్చిగా నడవదు.

మూడో రాత్రి వీధిలో వాళ్లు మా అరుగు మీద చేరారు. ఏ ఇంట్లోనూ వెలుగు లేదు. నీళ్ల ట్యాంకరు గురించీ, పాల ధర గురించీ, ఎవరి పిల్లలు ఎక్కడ చిక్కుకుపోయారో ఫోను కలవక తెలీకపోవడం గురించీ మాట్లాడుకుంటున్నారు. మాటలు అయిపోయాయి. అప్పుడు మొట్టమొదటిసారి నాకొకటి తోచింది. రిఫైనరీ లేదు, లారీలు లేవు, ఫ్యాన్లు లేవు. మల్కాపురం నిశ్శబ్దంగా ఉంది. పక్కింటాయన, ఆ పాత ఫోన్లో ఏదైనా స్టేషను పలుకుతుందేమో అడగమన్నాడు. నేను కుడిచెవి దగ్గిరికెళ్లి అడగబోతే మిషను లేదు, దాని సెల్లు కూడా అయిపోయిందట. మా నాన్న నా పెదాల వంక చూశాడు, అరుగు మీద జనం వంక చూశాడు. తీగె ఊడబెరికాడు. ఫోను స్పీకరు మీద పెట్టి, మీట నొక్కి అరుగు మధ్యలో పెట్టాడు.

అది ఆయన ఆ సాయంత్రం వినాల్సిన పద్యం. తీగె లేకపోతే ఆయనకి ఒక్క ముక్క వినపడదు. అయినా కూచుని జనం మొహాలు చూస్తున్నాడు. ఎవరి తల ఎక్కడ ఊగుతోందో దాన్నిబట్టి పద్యం ఎంతదాకా వచ్చిందో ఆయనకి తెలిసిపోతోంది. ఆయన పెదాలు కదులుతున్నాయి, సరిగ్గా అక్కడికే వచ్చి ఆగాయి. చీకట్లో ఎవరో “వన్స్ మోర్!” అని కేకేశారు. మా నాన్న ఫోను అందుకుని వెనక్కి మీట నొక్కాడు. రేపటి ఛార్జిలోంచి.

మర్నాటికి ఫోను కూడా కళ్లు మూసింది. మా వీధికి కరెంటు ఆరో రోజు వచ్చింది.

తుపాను వెళ్లిన ఇరవై రోజులకి, 2014 నవంబరు 1న, చెన్నై దగ్గిర శ్రీపెరుంబుదూరులో 2006 నించీ నడిచిన నోకియా కర్మాగారంలో పని ఆగిపోయింది. ఆ పేపరు కటింగు మా నాన్న ఇప్పటికీ ఫోను పెట్టెలో ఉంచాడు. ఆ సాయంత్రమే నన్ను గాజువాక పంపించి రెండు బ్యాటరీలు తెప్పించాడు. అసలువో నకిలీవో మాకు తెలీదు, కృష్ణుడు పలుకుతున్నాడు. తర్వాత తర్వాత మా చిన్నవాడు ఆయనకొక పలక ఫోను కొనిచ్చాడు. దాన్లో లోకంలోని కృష్ణులందరూ ఉన్నారు, బొమ్మతో సహా. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “మీట ఏదిరా? గుడ్డోణ్ణి కూడా సేస్తారేటి నన్ను?” అని వెనక్కి ఇచ్చేశాడు. చెవిటివాడు వేలితో చూసుకుని వాడే వస్తువుకి మీటలుండాలన్న సంగతి ఆ కంపెనీల వాళ్లకి ఎవరైనా రాస్తే బాగుణ్ణు.

మా చిన్నవాడి కూతురుకి ఇప్పుడు పదకొండేళ్లు. ఆ పిల్ల ఊహ తెలిసినప్పట్నించీ సాయంత్రం పూట తాత ఎడమవైపు కూచుంటుంది. మేం కుడివైపు రమ్మంటాం, అది రాదు. ఫోను తీగెలోంచి దానికి వినపడేది గుసగుస మాత్రమే. అది చూసేది ఆయన పెదాలు. వినేది, ఆయన తనకి తెలీకుండానే పైకి అనేసే కూనిరాగం. మొన్న సంక్రాంతి ముందు వాళ్ల స్కూల్లో పోటీలు పెట్టారు. ఇది పేరిచ్చింది గాని ఏం చేస్తుందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా నాన్నని ముందు వరసలో కుర్చీ వేసి కూచోబెట్టాం. మిషను పెట్టుకున్నాడు గాని, స్కూలు మైకు కీచుమనేసరికి చిరాకుపడి చెయ్యి పైకెత్తాడు, తీసేద్దామని. ఇంతలో అది స్టేజి ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, రాయబారంలో పద్యం అందుకుంది. పీసపాటి పక్షమే. రాగం తియ్యలేదు, మాట్లాడింది.

మా నాన్న చెయ్యి చెవి దగ్గిరే ఆగిపోయింది. మొదటి పాదం, రెండో పాదం. పెదాలు కదుపుతున్నాడు. మూడో పాదంలో అది కాస్త ఆగి గుక్క తిప్పుకుంది. ఆయన నా వైపు వంగి, హాలంతా వినపడేట్టు అన్నాడు:

“గుంటకి మూడో పాదంల ఊపిరి సాల్లేదురా. రేపట్నించి నేను సెప్తాను.”